న్యూ కాలెడోనియా: నేలతో మొదలై ఓటర్ల జాబితా దగ్గర చిక్కుకున్న వలసపాలన చరిత్ర

సంక్షిప్తంగా: దక్షిణ పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా 1853 నుంచి ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది. అక్కడి మూలవాసులైన కనాక్‌ల చేతుల్లోంచి మొదట భూమి, ఆ తర్వాత జనాభాలో ఆధిక్యం జారిపోయాయి. అందువల్లే స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న ప్రశ్న కన్నా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఎవరిది అన్నదే అక్కడ పెద్ద వివాదమైంది. 2024 అల్లర్లకూ, 2025 నాటి బూజివాల్ ఒప్పందంపై తగవుకూ మూలం ఇదే.

2024 మే 13న న్యూ కాలెడోనియా రాజధాని నూమియాలో దుకాణాలు, గోదాములు, ఫ్యాక్టరీలు తగలబడడం మొదలైంది. రెండు రోజులకే ఫ్రాన్స్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, సైన్యాన్ని దించి, టిక్‌టాక్‌ను సైతం నిలిపివేసింది. ఆ అల్లర్లలో మొత్తం 14 మంది చనిపోయారు. ఆస్తినష్టం 200 కోట్ల యూరోలు దాటిందని అంచనా. ఇంతటి విధ్వంసానికి నిప్పు రాజేసింది 17 వేల కిలోమీటర్ల దూరంలో, పారిస్ పార్లమెంటులో చర్చకు వచ్చిన ఒక రాజ్యాంగ సవరణ. పదేళ్లుగా అక్కడ నివసిస్తున్న ఫ్రెంచ్ పౌరులందరికీ స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వాలన్నది దాని సారాంశం. పదేళ్లు ఒక చోట కాపురముండి పన్నులు కట్టినవారికి ఓటు ఇస్తే తప్పేమిటని బయటివారికి అనిపించడం సహజం. ఆ సవరణను కనాక్‌లు తమ ఉనికికే ముప్పుగా ఎందుకు చూశారో తెలియాలంటే నూట డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఖైదీల దీవి

బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ 1774 సెప్టెంబరులో ఈ దీవిని చూసి, స్కాట్లాండుకు ఉన్న లాటిన్ పేరును దీనికి పెట్టాడు. అప్పటికే మూడు వేల ఏళ్లుగా అక్కడ మనుషులున్నారు. వారి మధ్య ఇరవై ఎనిమిది వరకు భాషలున్నాయి. వారి వంశాలన్నీ ఫలానా కొండకు, ఫలానా వాగుకు చెందినవి. వారికి ఏడాది లెక్క పెండలం పంటతో నడుస్తుంది. దుంప నాటడం, తొలి పంటను పెద్దలకు సమర్పించడం, పెళ్లిళ్లు, వంశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ ఆ పంట చుట్టూనే తిరుగుతాయి. కనాక్ అన్న మాట హవాయి భాషలో మనిషి అనే అర్థమున్న ‘కనక’ నుంచి వచ్చింది. తెల్లవారు దాన్ని చిన్నచూపుతో వాడేవారు. 1970ల్లో ఆ ప్రజలే దాన్ని తమ జాతి పేరుగా తలకెత్తుకున్నారు.

1853 సెప్టెంబరు 24న మూడో నెపోలియన్ తరఫున అడ్మిరల్ ఫెవ్రియే దెప్వాంత్ బలాడ్ వద్ద ఫ్రెంచ్ జెండా ఎగరేశాడు. పసిఫిక్‌లో బ్రిటన్‌కు దీటుగా ఒక నౌకా స్థావరం, ఆస్ట్రేలియా తరహాలో ఖైదీలను పంపడానికి ఒక చోటు ఫ్రాన్స్‌కు అవసరమయ్యాయి. 1864లో తొలి ఖైదీల ఓడ వచ్చింది. 1897 వరకు ఇరవై వేలకు పైగా ఖైదీలను ఇక్కడికి తరలించారు. 1871లో పారిస్ కార్మికులు లేపిన పారిస్ కమ్యూన్ తిరుగుబాటు అణచివేత తర్వాత దేశాంతర శిక్ష పడిన నాలుగు వేల మందికి పైగా కమ్యూనార్డులు, అదే ఏడాది అల్జీరియాలో ఫ్రాన్స్‌పై తిరగబడిన కబైల్ యోధులు కూడా ఈ దీవికే చేరారు. కమ్యూనార్డులు చాలామంది 1880 క్షమాభిక్షతో వెనక్కి వెళ్లిపోయారు. అల్జీరియన్ల వారసులు మాత్రం ఈనాటికీ బురాయ్ పరిసరాల్లో ఉన్నారు. ఒక వలసపాలన బాధితులను తెచ్చి మరో వలస రాజ్యానికి పునాదిరాళ్లుగా వాడిన తీరు ఇది.

శిక్ష ముగిసిన ఖైదీలు తిరిగి వెళ్లకుండా వారికి సాగుభూమి ఇచ్చేవారు. ఆ భూమి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం.

రెండు సంచులు

భూమి పోవడానికి మూడు కారణాలు కలిసొచ్చాయి. సాగులో కనిపించని నేలంతా ప్రభుత్వానిదేనని ఫ్రెంచ్ చట్టం భావించింది. పెండలం, టారో (చేమదుంప) సాగులో నేలను ఏళ్ల తరబడి బీడు పెట్టడం తప్పనిసరి. అలా బీడు పెట్టిన నేల ఫ్రెంచ్ సర్వేయరు కంటికి ఖాళీ భూమిగా తోచింది. రెండోది పశువులు. సెటిలర్ల మందలు కంచెల్లేకుండా తిరుగుతూ కనాక్‌ల తోటలను, నీటికాలువలను తొక్కి పాడుచేశాయి. మూడోది 1868 నుంచి మొదలైన రిజర్వుల పద్ధతి. కనాక్‌లను పుట్టిన చోట్ల నుంచి లేపి, కొండవాలుల్లోని ఇరుకు జాగాల్లో సర్దారు.

ఈ బాధను ఒక్క దృశ్యంలో పట్టి చూపే కథ అక్కడ తరతరాలుగా వినిపిస్తుంది. లా ఫోవా ప్రాంతపు కనాక్ నాయకుడు అటాయ్ గవర్నరు ముందుకు రెండు సంచులతో వెళ్లాడని చెబుతారు. ఒక సంచిలోంచి మంచి మట్టిని గుమ్మరించి ఇది మాకు ఉండినదన్నాడు. రెండో సంచిలోంచి రాళ్లు గుమ్మరించి ఇది మీరు మాకు మిగిల్చినదన్నాడు. పశువుల నుంచి తోటలను కాపాడుకోవాలంటే కంచె వేసుకోమని అధికారులు అన్నప్పుడు, నా టారో దుంపలు వెళ్లి మీ పశువులను తిన్న రోజున వేసుకుంటానని జవాబిచ్చాడని కూడా అంటారు.

1878 జూన్‌లో తిరుగుబాటు రేగింది. సుమారు రెండు వందల మంది యూరోపియన్లు, వెయ్యి మందికి పైగా కనాక్‌లు ప్రాణాలు కోల్పోయారు. ఫ్రెంచి వారి పక్షాన నిలిచిన కనాల ప్రాంతపు కనాక్‌లే సెప్టెంబరు 1న అటాయ్‌ను చంపారు. వంశాల మధ్య ఉన్న పాత వైరాలను ప్రభుత్వం వాడుకున్న తీరు అందులో కనిపిస్తుంది. అటాయ్ తలను నరికి పారిస్‌కు పంపారు. ఒక మ్యూజియం సేకరణలో పడి ఉన్న ఆ పుర్రె 2014లో గానీ సొంత నేలకు తిరిగి రాలేదు. నూట ముప్పై ఆరేళ్ల తర్వాత దాన్ని అందుకున్న వంశీకులకు అది వారింటి పెద్ద తల, పారిస్‌కు మాత్రం ఒక నమూనా.

1887లో కనాక్‌లకు ప్రత్యేక శిక్షాస్మృతిని అమలుచేశారు. అనుమతి లేకుండా రిజర్వు దాటకూడదు, తలపన్ను కట్టాలి, పిలిచినప్పుడు వెట్టిపనికి రావాలి. 1946 వరకు ఇదే చట్టం. ఈలోగా 1894 తర్వాత గవర్నరు ఫెయే కాఫీ సాగు కోసం ఫ్రాన్స్ నుంచి స్వేచ్ఛా రైతులను రప్పించడంతో రిజర్వులు మరింత కుంచించుకుపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటికి ప్రధాన ద్వీపమైన గ్రాండ్ టేర్‌లో కనాక్‌ల చేతిలో మిగిలింది పదో వంతు కూడా లేదు. జబ్బులు, యుద్ధాలు, స్థానభ్రంశం కలిసి 1920ల నాటికి వారి సంఖ్యను 27 వేల దాకా దించేశాయి. అంతరించిపోయే జాతిగా వారిని ఫ్రాన్స్ లెక్కగట్టిన కాలమది. 1931 పారిస్ వలసల ప్రదర్శన సమయంలో వంద మందికి పైగా కనాక్‌లను నరభక్షకులుగా చూపుతూ జంతు ప్రదర్శనశాలలో నిలబెట్టారు. కొందరిని మొసళ్లకు మారుగా జర్మనీకి అప్పగించారు. ఆ గుంపులో ఉన్న ఒకరి మునిమనవడు క్రిస్టియాన్ కరంబో 1998లో ఫ్రాన్స్ తరఫున ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడాడు.

పొరుగునే ఉన్న ఫిజీతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అక్కడ బ్రిటిష్ గవర్నరు ఆర్థర్ గోర్డన్ స్థానికుల భూమి అమ్మకాన్ని అడ్డుకుని, చెరకు తోటలకు కావలసిన కూలీలను 1879 నుంచి భారతదేశం నుంచి తెప్పించాడు. 1903 తర్వాత మద్రాసు రేవు మీదుగా వెళ్లిన గిర్మిటియాల్లో, అంటే ఒప్పంద కూలీల్లో, తెలుగువారూ ఉన్నారు. ఫలితంగా ఫిజీలో ఐదింట నాలుగు వంతులకు పైగా భూమి నేటికీ మూలవాసుల ఉమ్మడి ఆస్తి. అక్కడి రాజకీయ సంఘర్షణ భూమి ఉన్న మూలవాసులకూ, భూమి లేని కూలీల వారసులకూ మధ్య సాగింది. న్యూ కాలెడోనియాలో మూలవాసులే భూమి లేనివారయ్యారు. రెండూ వలసపాలన ఫలితాలే అయినా గాయం పడిన చోటు వేరు.

నికెల్ తెచ్చిన మనుషులు

1864లో జూల్ గార్నియే అనే ఇంజినీరు ఇక్కడి ఎర్రమట్టి కొండల్లో నికెల్ ఖనిజాన్ని గుర్తించాడు. 1880లో సొసియెతే ల నికెల్ కంపెనీ ఏర్పడింది. గనుల్లో దిగడానికి కనాక్‌లు సిద్ధపడలేదు. వారిని రిజర్వుల్లోనే ఉంచడం ప్రభుత్వానికీ అనుకూలంగా తోచింది. దాంతో టోంకిన్ నుంచి వియత్నామీలను, జావా నుంచి ఇండోనేషియన్లను, జపాన్ నుంచి గని కార్మికులను ఒప్పందాలపై తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాలిస్, ఫుటునా దీవుల నుంచి, తాహితి నుంచి మరింత మంది వచ్చారు. నేటి నూమియా వీధుల్లో కనిపించే జన వైవిధ్యం అలా పోగైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దీవి 1940లోనే నాజీలకు లొంగని ఫ్రెంచ్ సేనాని డిగోల్ పక్షం వహించింది. 1942లో అమెరికా సైన్యం నూమియాను దక్షిణ పసిఫిక్ యుద్ధానికి కేంద్రంగా చేసుకుంది. నల్లజాతి అమెరికన్ సైనికులు యూనిఫాం వేసుకుని యంత్రాలు నడపడం, కూలీ డబ్బు చేతికి రావడం కనాక్‌లు చూశారు. 1946లో శిక్షాస్మృతి రద్దయి వారికి పౌరసత్వం వచ్చింది. ఓటు మాత్రం విడతలవారీగా అందుతూ 1957కు గానీ అందరికీ దక్కలేదు. ‘రెండు రంగులు, ఒకే ప్రజ’ అన్న నినాదంతో 1953లో పుట్టిన యూనియన్ కాలెడోనియెన్ పార్టీ కనాక్‌లను, చిన్నకారు తెల్లవారిని ఒక చోట చేర్చింది. 1956 చట్టంతో వచ్చిన స్వయంపాలనను ఆసరాగా చేసుకుని అది ప్రభుత్వాన్ని కూడా నడిపింది. అయితే 1963, 1969 చట్టాలతో పారిస్ ఆ అధికారాలను, ముఖ్యంగా నికెల్‌పై నియంత్రణను వెనక్కి లాక్కుంది. చరిత్ర వేరే దారి పట్టే అవకాశం అక్కడే జారిపోయింది. నెమ్మదిగా, కలిసికట్టుగా స్వతంత్రమయ్యే మార్గం మూసుకుపోవడంతో స్వయంపాలన కోరిన కనాక్ యువతరం స్వాతంత్ర్యం కోరడం మొదలుపెట్టింది.

సరిగ్గా అదే సమయంలో, 1969–72 మధ్య, నికెల్ ధరలు ఎగబాకి వేలమంది ఫ్రాన్స్ నుంచి తరలివచ్చారు. ఇది మార్కెట్ పని మాత్రమే కాదనడానికి గట్టి ఆధారం ఉంది. ప్రధాని పియెర్ మెస్మేర్ 1972 జులైలో తన మంత్రికి రాసిన లేఖలో, ఇక్కడ ఫ్రెంచ్ ఉనికికి ముప్పు మూలవాసుల జాతీయవాదం నుంచే రాగలదని, ఫ్రెంచ్ పౌరులను పెద్ద సంఖ్యలో తరలించి జనాభా నిష్పత్తిని కాపాడుకుంటే ఆ ముప్పు తప్పుతుందని స్పష్టంగా చెప్పాడు. 1950ల్లో సగానికి కాస్త పైగా ఉన్న కనాక్‌లు 1960ల్లోనే మైనారిటీ అయ్యారు. 2019 జనాభా లెక్కల్లో 2,71,000 మందిలో వారి వాటా 41 శాతం, యూరోపియన్ల వాటా 24 శాతం. ఓటర్ల జాబితాను కనాక్‌లు అంత పట్టుదలగా చూడడానికి కారణం ఈ లేఖలో ఉంది. ఆ జాబితా వారికి సాధారణ పాలనా పత్రం కాదు. తలల లెక్కతో తమను ఓడించాలన్న నిర్ణయం ఒకసారి కాగితం మీదే జరిగింది కాబట్టి, రక్షణ కూడా కాగితం మీదే ఉండాలని వారు కోరతారు.

గొడ్డలి, గుహ, కరచాలనం

1983లో ఫ్రాన్స్‌లోని నెన్విల్ లె రోష్‌లో జరిగిన చర్చల్లో ఒక ముఖ్యమైన అంగీకారం కుదిరింది. తమ స్వయంనిర్ణయ హక్కును కనాక్ ప్రతినిధులు ఇతరులతో పంచుకోవడానికి ఒప్పుకున్నారు. ఖైదీల వారసులు, కూలీల వారసులు కూడా చరిత్ర బాధితులేనని, వారూ తమతో కలిసి ఓటు వేయవచ్చని వారు చెప్పారు. ఫ్రాన్స్‌తోనే ఉండాలనే పక్షం దానిపై సంతకం చేయలేదు. దానికి అప్పట్లో దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. తర్వాతి నలభై ఏళ్ల ఒప్పందాలన్నింటికీ బీజం మాత్రం అదే.

1984 నవంబరు ఎన్నికలను కొత్తగా ఏర్పడిన కనాక్ సోషలిస్టు జాతీయ విమోచన కూటమి, అంటే ఎఫ్‌ఎల్‌ఎన్‌కేఎస్, బహిష్కరించింది. కనాలలో ఎలోయ్ మషోరో గొడ్డలితో బ్యాలెట్ పెట్టెను పగలగొట్టాడు. డిసెంబరు 5న ఇయెంగేన్ లోయలో దారి కాచిన సెటిలర్లు పది మంది కనాక్‌లను కాల్చిచంపారు. మృతుల్లో ఇద్దరు ఉద్యమ నేత జాఁ మరీ చిబావు సోదరులు. నిందితులను 1987లో నూమియా జ్యూరీ ఆత్మరక్షణ పేరిట నిర్దోషులుగా విడిచిపెట్టింది. 1986లో ఐక్యరాజ్యసమితి ఈ ప్రాంతాన్ని మళ్లీ స్వయంపాలన లేని భూభాగాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను కనాక్‌లు బహిష్కరించగా, 98 శాతం మంది ఫ్రాన్స్‌తో ఉంటామన్నారన్న ఫలితం వచ్చింది. 1988 ఏప్రిల్‌లో ఊవేయా దీవిలో కనాక్ ఉద్యమకారుల దాడిలో నలుగురు జెండార్మ్‌లు (ఫ్రెంచ్ సాయుధ పోలీసులు) హతమయ్యారు, ఇతరులను ఒక గుహలో బందీలుగా ఉంచారు. మే 5న సైన్యం గుహపై దాడి చేసింది. 19 మంది కనాక్‌లు, ఇద్దరు సైనికులు చనిపోయారు.

అంతర్యుద్ధం అంచున ప్రధాని మిషెల్ రొకార్ మధ్యవర్తిత్వంతో 1988 జూన్ 26న మతిన్యోఁ ఒప్పందం కుదిరింది. చిబావు, ఫ్రాన్స్ అనుకూల నేత జాక్ లఫ్లూర్ చేతులు కలిపారు. ఏడాది తిరగకుండానే, 1989 మే 4న, ఊవేయాలో ఒక కనాక్ తీవ్రవాది చిబావును, ఆయన సహచరుడు యెవెనె యెవెనెను కాల్చిచంపాడు. అయినా ఒప్పందం నిలిచింది. ప్రాంతాన్ని దక్షిణ, ఉత్తర, లాయల్టీ దీవులు అన్న మూడు ప్రావిన్సులుగా విభజించారు. చివరి రెంటిలో పాలన కనాక్ పార్టీల చేతికి వచ్చింది. ఉత్తర ప్రావిన్సుకు కొనియాంబో కొండ, దానిపై నికెల్ ఫ్యాక్టరీ దక్కడం వెనుక ఉన్న ఆలోచన సూటిగా ఉంది. ఆర్థిక బలం లేకుండా స్వాతంత్ర్యం నిలవదు.

గడ్డకట్టిన జాబితా ఎలా పనిచేస్తుంది

1998 మే 5న సంతకాలైన నూమియా ఒప్పందం వలసపాలన చీకటిని ఫ్రాన్స్ అధికారికంగా ఒప్పుకున్న పత్రం. రక్షణ, విదేశాంగం, న్యాయం, ద్రవ్యం, శాంతిభద్రతలు తప్ప మిగతా అధికారాలను తిరిగి తీసుకోకుండా బదలాయించడం, గరిష్ఠంగా మూడు ప్రజాభిప్రాయ సేకరణలు జరపడం, న్యూ కాలెడోనియా పౌరసత్వం అన్న కొత్త భావనను నెలకొల్పడం అందులోని ముఖ్యాంశాలు. ఆ పౌరసత్వానికి ప్రాణం ఓటర్ల జాబితాలోనే ఉంది. అక్కడ మూడు జాబితాలున్నాయి. ఫ్రాన్స్ అధ్యక్ష, పార్లమెంటు, మునిసిపల్ ఎన్నికలకు సాధారణ జాబితా. స్వాతంత్ర్యంపై ఓటింగుకు ఒక ప్రత్యేక జాబితా. ప్రావిన్సు ఎన్నికలకు మరొకటి. తగవంతా ఈ చివరి దాని మీదే, ఎందుకంటే స్థానిక చట్టాలు చేసే 54 మంది సభ్యుల కాంగ్రెస్ దాని నుంచే ఏర్పడుతుంది.

పదేళ్ల నివాసం ఉంటే ఓటు అన్న నిబంధనకు మొదట రెండు అర్థాలు వచ్చాయి. ఎప్పుడు వచ్చినా పదేళ్లు నిండితే చాలని ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి 1999లో వ్యాఖ్యానించింది. ఆ ఒప్పందంపై 1998 నవంబరు 8న జరిగిన ఓటింగు సమయానికి అక్కడ ఉన్నవారికి, వారి పిల్లలకు మాత్రమేనని కనాక్‌లు పట్టుబట్టారు. 2007 రాజ్యాంగ సవరణ రెండో అర్థాన్నే ఖాయం చేసింది. కొత్తగా వచ్చినవారు చేరకుండా జాబితా అలా గడ్డకట్టింది. ఈ తరహా పరిమితిని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం సైతం 2005లో స్థానిక పరిస్థితుల దృష్ట్యా సమర్థించింది. అయితే అది పరివర్తన దశకు చెందిన ఏర్పాటు అన్న మెలిక అందులో ఉంది. పరివర్తన ముగిసిందా లేదా అన్నదే ఇప్పటి వాదన.

మరో వైపు వాదన కూడా బలహీనమైనది కాదు. 1999లో వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకున్న నర్సుకో టీచరుకో 2025 నాటికీ ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు లేదు. వారికి నూమియాలోనే పుట్టి పెద్దైన బిడ్డకూ లేదు. 2023 నాటికి అలా మిగిలిపోయినవారు దాదాపు 42 వేల మంది, అంటే సాధారణ జాబితాలో ప్రతి ఐదుగురిలో ఒకరు. జనాభాలో నాలుగింట మూడు వంతులున్న దక్షిణ ప్రావిన్సుకు కాంగ్రెస్‌లో 32 సీట్లే, ఉత్తరానికి 15, లాయల్టీ దీవులకు 7. ఈ లెక్క ఫ్రాన్స్ అనుకూల పార్టీలకు అన్యాయంగా కనిపిస్తుంది.

మూడో ఓటింగు మిగిల్చిన పుండు

నూమియా ఒప్పందం ప్రకారం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల్లో 2018లో స్వాతంత్ర్యానికి 43 శాతం, 2020లో 46.7 శాతం ఓట్లు వచ్చాయి. రెండోసారి తేడా పది వేల ఓట్ల లోపే. ఆ దశలో 2021 సెప్టెంబరులో కోవిడ్ దీవిలోకి వచ్చింది. మృతులు సుమారు 280 మంది, అధికులు కనాక్‌లు, ఇతర ద్వీపవాసులు. కనాక్ సంప్రదాయంలో మరణానంతర కర్మలు ఒక రోజుతో పోయేవి కావు. వంశాలన్నీ కూడి పెండలం, బట్టలు ఇచ్చిపుచ్చుకుని, నెలల తరబడి సాగుతాయి. ఊరు ఊరంతా మైలలో ఉన్నప్పుడు ప్రచారానికి తిరగలేమని, ఓటింగును వాయిదా వేయాలని వారు కోరారు. పారిస్ ఒప్పుకోలేదు. డిసెంబరు 12న 44 శాతం మందే ఓటు వేశారు. వారిలో 96.5 శాతం స్వాతంత్ర్యం వద్దన్నారు. చట్టం ప్రకారం అది ఫలితం. ఏడాది క్రితం దాకా దాదాపు సగం మంది కోరుకున్నదాన్ని అది తీర్చిందని చెప్పడం మాత్రం కష్టం. ప్రశ్న తీరిపోయిందని పారిస్ భావించి జాబితాను విప్పబోవడం, తీరలేదని కనాక్‌లు భావించడం, ఈ రెంటి మధ్య నుంచే 2024 మంటలు లేచాయి.

తెలుగువారికి దగ్గరి పోలిక ఒకటుంది. యానాం కూడా ఫ్రెంచ్ వలసే. 1954 నవంబరు 1న అది వాస్తవంగా, 1962లో చట్టబద్ధంగా భారత్‌లో కలిసింది. అక్కడ సెటిలర్ల జనాభా లేదు, పక్కనే కలుపుకోవడానికి ఒక పెద్ద దేశం ఉంది, కాబట్టి ఎవరు ఓటరు అన్న ప్రశ్నే తలెత్తలేదు. వ్యాపార కోఠీగా ఉన్న వలస ఒక సంతకంతో ముగియగలదు. మనుషులను తెచ్చి నాటిన వలస అలా ముగియదు.

ఇకపై పడే ప్రభావాలు

2024 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆ సవరణను పక్కన పెట్టింది. 2025 జులై 12న పారిస్ శివార్లలోని బూజివాల్‌లో కొత్త ఒప్పందం కుదిరింది. ఫ్రాన్స్ లోపలే ‘న్యూ కాలెడోనియా రాజ్యం’, ఫ్రెంచ్ జాతీయతతో పాటు కాలెడోనియన్ జాతీయత అన్నవి అందులోని కొత్త భావనలు. సంతకం చేసిన తమ ప్రతినిధుల నిర్ణయాన్ని ఎఫ్‌ఎల్‌ఎన్‌కేఎస్ ఆగస్టులో తోసిపుచ్చింది. ప్రావిన్సు ఎన్నికలు పలుమార్లు వాయిదాపడ్డాయి.

ఆర్థిక పరిస్థితి బేరానికి సమయం ఇచ్చేలా లేదు. ఇండోనేషియా చవక నికెల్ పోటీకి కొనియాంబో తట్టుకోలేక 2024 ఆగస్టులో కొలిమి ఆర్పేసింది. పన్నెండు వందల మంది ఉద్యోగాలు పోయాయి. కనాక్‌లు స్వాతంత్ర్యానికి ఆర్థిక పునాదిగా భావించిన ఫ్యాక్టరీ అది. నూమియాలోని దోనియాంబో ఫ్యాక్టరీ సైతం ఫ్రాన్స్ ప్రభుత్వ సాయం మీద నడుస్తోంది. అంటే స్వాతంత్ర్యం కోరే పక్షానికి బలం తగ్గి, పారిస్ డబ్బుపై ఆధారం పెరిగే దశలో చర్చలు జరుగుతున్నాయి. సుమారు పద్నాలుగు లక్షల చదరపు కిలోమీటర్ల సముద్ర జలాలు, చైనా విస్తరిస్తున్న పసిఫిక్‌లో ఒక సైనిక స్థావరం ఫ్రాన్స్‌కు వదులుకోలేనివి. జాబితా గడ్డకట్టి ఉన్నంతకాలం ఓటు లేనివారి సంఖ్య ఏటా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని విప్పిన మరుక్షణం కాంగ్రెస్‌లో కనాక్ పార్టీల సీట్లు తగ్గే అవకాశం ఉంది. భూమి తిరిగి పంచడానికి 1978 నుంచి జరుగుతున్న ప్రయత్నాల వల్ల కనాక్ వంశాలకు కొంత నేల దక్కింది. తలల లెక్కను అలా పంచే పద్ధతి మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.